చదవకుండా మోసిన టవర్లు

క్లోడ్ షాప్. పేరు చూసి కిరాణా షాపు అనుకోకండి. ఫ్రెంచ్‌వాళ్లు అలాగే పలుకుతారు, నేనేం చేయను! 1763 డిసెంబర్ 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజున, ఫ్రాన్స్‌లో పడమటి వైపు బ్రూలోన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కరెంటు వాడకుండానే ఒక దేశం మొత్తానికి నెట్‌వర్క్ వేసిన మనిషి.

నెట్‌వర్క్స్ పేపర్ రాసిన మనలాంటి వాళ్లందరికీ ఈయన కథ తెలిసి ఉండాలని నా అభిప్రాయం. రూటర్ పెట్టాలా, ఫైర్‌వాల్ పెట్టాలా అని మనం ఈరోజు తలలు పట్టుకునే ప్రశ్న అడుగున ఇంకో ప్రశ్న ఉంది. దూరంగా ఉన్న రెండు ఆఫీసుల మధ్య కబురు నడవాలంటే దారిలో ఉన్నవాళ్లకి ఆ కబురు ఎంత తెలియాలి? షాప్ దీనికి రెండు వందల ఏళ్ల కిందటే జవాబు చెప్పాడు. నోటితో కాదు, కర్రలతో, తాళ్లతో, టెలిస్కోపులతో.

వాళ్ల వంశంలో అప్పటికే ఒక పేరున్న ఖగోళ శాస్త్రవేత్త ఉన్నాడు, క్లోడ్‌కి చిన్నాన్న వరస. సూర్యుడి ముందు నుంచి శుక్రగ్రహం దాటడాన్ని చూడ్డానికి 1761లో సైబీరియా దాకా వెళ్లాడు. 1769లో అదే పని మీద కాలిఫోర్నియా ద్వీపకల్పానికి వెళ్లి అక్కడే జ్వరంతో చనిపోయాడు. అలాంటి ఇంట్లో పిల్లాడికి టెలిస్కోపు కొత్త వస్తువేం కాదు. కానీ క్లోడ్‌ని ఇంట్లోవాళ్లు చర్చి చదువులో వేశారు. చర్చి ఆస్తుల మీద వచ్చే ఆదాయం ఉండేది, పని పెద్దగా ఉండేది కాదు. ఆ డబ్బుతో ఫిజిక్స్ ప్రయోగాలు చేసుకుంటూ, విద్యుత్తు మీద వ్యాసాలు రాసుకుంటూ హాయిగా ఉన్నాడు. అంటే స్కాలర్‌షిప్ వస్తోంది, అటెండెన్స్ గొడవ లేదు అన్నమాట.

1789లో విప్లవం వచ్చింది. చర్చి ఆస్తులన్నీ దేశం పరం అయిపోయాయి. క్లోడ్ ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది. సొంతూరికి తిరిగి వచ్చాడు. అన్నదమ్ములు మొత్తం ఐదుగురు: ఇగ్నాస్, క్లోడ్, పియేర్, రెనే, అబ్రహాం. అందరూ దాదాపు ఖాళీయే. ఆ ఖాళీలోంచే టెలిగ్రాఫ్ పుట్టింది.

మొదట కరెంటుతోనే ప్రయత్నించాడు. తీగల చుట్టూ సరైన ఇన్సులేషన్ దొరక్క వదిలేశాడు. తర్వాత రెండు గడియారాలు పెట్టి, రెండింటి ముళ్లూ ఒకే వేగంతో తిరిగేలా చేశాడు. ముల్లు ఏ అంకె మీద ఉన్నప్పుడు సంకేతం వస్తే ఆ అంకె రాసుకోవాలి. ఆ సంకేతం మొదట్లో రాగి గిన్నె మీద కొట్టిన చప్పుడు. ఊరంతా వినపడే చప్పుడు, పైగా ఎక్కువ దూరం పోదు. అందుకని చప్పుడు మానేసి ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు ఉన్న పలకని తిప్పడం మొదలుపెట్టాడు. 1791 మార్చి 2న ఊరి పెద్దల్ని సాక్షులుగా పెట్టుకుని బ్రూలోన్ నుంచి పార్సే అనే ఊరికి, సుమారు పదిహేను కిలోమీటర్ల దూరం, ఒక వాక్యం పంపించాడు. అది సరిగ్గా చేరింది. మన ప్రాజెక్ట్ రివ్యూలో ఎక్స్‌టర్నల్ ముందు ఫస్ట్ రన్‌లోనే అవుట్‌పుట్ వచ్చినంత సంబరం అయి ఉంటుంది.

ప్యారిస్‌లో మాత్రం కష్టాలు వేరే ఎదురుచూస్తున్నాయి. అక్కడ పెట్టిన మొదటి పరికరాన్ని ఎవరో రాత్రికి రాత్రి మాయం చేశారు. 1792లో నగరం అంచున బెల్విల్ దగ్గర రెండోది పెడితే, జనం గుంపుగా వచ్చి తగలబెట్టేశారు. కారణం? రాజు అప్పటికి ఖైదులో ఉన్నాడు. ఈ కర్రల పెట్టె ఆయనకి రహస్య సంకేతాలు పంపుతోందని వాళ్ల అనుమానం. నాకు ఈ ఘట్టం చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే జనం భయం పూర్తిగా పిచ్చి భయమేం కాదు. ఎత్తు మీద నిలబడి, ఎవరికీ అర్థం కాని గుర్తులు చూపించే యంత్రం. దానిలోంచి ఏం పోతోందో చూసేవాళ్లు లేరు. లోపల ఏముందో తెలియని ట్రాఫిక్‌ని నమ్మాలా వద్దా? ఈరోజు మన సెక్యూరిటీ వాళ్ల భయం కూడా ఇదే కదా.

అన్న ఇగ్నాస్ అప్పటికే శాసనసభకి ఎన్నికై ఉండటం కలిసొచ్చింది. 1792లో క్లోడ్ సభ ముందు తన ప్రతిపాదన పెట్టాడు. సంవత్సరం గడిచాక పరీక్ష కోసం ఆరు వేల ఫ్రాంకులు మంజూరయ్యాయి. 1793 జూలై 12న మూడు స్టేషన్లతో, పాతిక కిలోమీటర్లకి పైగా దూరంలో, కమిటీ సభ్యుల సమక్షంలో పరీక్ష జరిగింది. పాతికకి పైగా మాటలున్న సందేశం పదకొండు నిమిషాల్లో చేరింది. కమిటీలో ఉన్న లకనాల్ అనే సభ్యుడు ఆ రోజు నుంచి షాప్‌కి గట్టి మద్దతుదారు అయిపోయాడు. అదే నెలాఖరుకి షాప్‌కి టెలిగ్రాఫ్ ఇంజనీర్ అనే హోదా, సైన్యంలో ఇంజనీర్ లెఫ్టినెంట్ జీతం వచ్చాయి. నిజానికి పరికరానికి అతను మొదట పెట్టుకున్న పేరు వేరు, వేగంగా రాసేది అని అర్థం వచ్చే పేరు. దూరంగా రాసేది అనే అర్థంలో టెలిగ్రాఫ్ అని ఒక స్నేహితుడు మార్పించాడు. ఆ స్నేహితుడికి మనమందరం ఒక టీ బాకీ.

ఇక పరికరం సంగతి. ఒక టవర్ మీద నిలువు స్తంభం. దాని మీద నాలుగున్నర మీటర్ల పొడవున్న అడ్డ దూలం, మధ్యలో ఇరుసు. దూలం రెండు చివర్లా రెండేసి మీటర్ల పొడవున్న చిన్న చేతులు. అన్నింటికీ నల్ల రంగు, ఆకాశం ముందు కొట్టొచ్చినట్టు కనపడ్డానికి. కింద గదిలో మనిషి తాళ్లు తిప్పితే పైన దూలం, చేతులు 45 డిగ్రీల చొప్పున తిరుగుతాయి. ఈ యంత్ర భాగం సాఫీగా రావడానికి ఆ కాలంలో పేరు మోసిన గడియారాల తయారీదారు బ్రెగే సాయం చేశాడు. దూలానికి నాలుగు స్థితులు, ఒక్కో చేతికి ఏడు. కాలిక్యులేటర్ తీయకండి, 196. చేతికి ఎనిమిదో స్థితి కూడా ఉంది కానీ దూరం నుంచి సరిగ్గా కనపడదని వదిలేశారు.

ఇక్కడి నుంచే అసలు తెలివి మొదలవుతుంది. ఆ 196లో దూలం అడ్డంగానో నిలువుగానో ఉన్నవే లెక్కలోకి వస్తాయి, అవి 98. దూలం వాలుగా ఉంటే సంకేతం ఇంకా తయారవుతోందని అర్థం. అడ్డంగానో నిలువుగానో తిప్పి నిలిపితేనే అది ఖరారు. ఒక వాలు మీద తయారైతే అది మామూలు సందేశంలో భాగం. రెండో వాలు మీద తయారైతే అది లైన్ నడపడానికి సంబంధించిన సంకేతం: మొదలు, ముగింపు, పొగమంచు, పరికరం పాడైంది, అర్జెంటు, ఇప్పుడు పంపింది తప్పు కొట్టేయండి, ఇలాంటివి. డేటా వేరు, కంట్రోల్ వేరు. 98లో ఆరింటిని పక్కన పెడితే 92 మిగిలాయి. 92 పేజీలున్న సంకేత పుస్తకం, పేజీకి 92 పదాలు. మొదటి సంకేతం పేజీ నంబర్, రెండోది ఆ పేజీలో వరస నంబర్. మొత్తం 8,464 పదాలు. తర్వాత పదబంధాలకి, ఊళ్ల పేర్లకి వేరే పుస్తకాలు వచ్చాయి.

ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండేది? లైన్ చివర్లలో, మధ్యలో కొన్ని ముఖ్యమైన పట్టణాల్లో కూర్చునే డైరెక్టర్ల దగ్గర మాత్రమే. పది పదిహేను కిలోమీటర్లకి ఒకటి చొప్పున ఉన్న మామూలు టవర్లలో ఇద్దరేసి మనుషులు తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా పని చేసేవాళ్లు. ఒక టెలిస్కోపు ఇటు పక్క టవర్ వైపు, ఒకటి అటు పక్క టవర్ వైపు. ఇటు కనపడిన ఆకారాన్ని తమ టవర్ మీద చూపించాలి. అటు టవర్ దాన్ని సరిగ్గా దించుకుందో లేదో చూసుకోవాలి. అంతే. వాళ్లు మోసేది యుద్ధం గెలిచిన వార్తో ఓడిన వార్తో వాళ్లకి తెలియదు. జీతం తక్కువ, అర్థం సున్నా.

మీకు వెలిగిందా? మామూలు టవర్ మన రూటర్. ఇటు ప్యాకెట్ తీసుకుని అటు తర్వాతి హాప్‌కి అందిస్తుంది. లోపలి సరుకు దానికి అక్కర్లేదు. పుస్తకం ఉన్న డైరెక్టర్ మన ఫైర్‌వాల్, టన్నెల్ ముగిసే చోటు కూడా అతనే. సందేశాన్ని విప్పి చదివి, ముందుకి పంపాలా, ఎలా పంపాలా అని నిర్ణయించే అధికారం అతనిది. పోలిక నూటికి నూరు శాతం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ పని విభజన మాత్రం అదే.

ఒక లైన్ మీద ఇన్ని టవర్లున్నా రహస్యం చివరి ఇద్దరి దగ్గరే ఉండటం షాప్ చేసిన ఎంపిక. ప్రతి టవర్‌కి పుస్తకం ఇచ్చి ఉండొచ్చు. ఇస్తే ప్రతి చోటా తప్పులు దిద్దుకోవచ్చు, కానీ ప్రతి చోటా రహస్యం కారిపోతుంది, ప్రతి చోటా చదవడానికి సమయం పోతుంది. అతను వేగం, గోప్యత ఎంచుకున్నాడు. తనిఖీని కొన్ని చోట్లకే పరిమితం చేశాడు.

మా నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో ఈ సెమిస్టర్ ఇచ్చిన కేస్ స్టడీ కూడా అక్షరాలా ఇదే. ఊహా కంపెనీ ఒకటి. విజయవాడలో హెడ్ ఆఫీసు. రాజమండ్రి, నెల్లూరు, అనంతపురంలో బ్రాంచీలు. వీటిని కలపడానికి ఒక్కో చోట రూటరా, ఫైర్‌వాలా? నలుగురున్న మా టీమ్‌లో రెండు రెండుగా చీలిపోయాం. రూటర్ పార్టీ వాదన: ప్రతి బ్రాంచికీ ఇద్దరు ప్రొవైడర్ల లైన్లు ఉన్నాయి, ఒకటి పడిపోతే రెండోదాని మీదకి వెంటనే మారాలి, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ లాంటివి రూటర్ మీద నడిచినంత సాఫీగా ఇంకెక్కడా నడవవు, ఐపీసెక్ టన్నెల్ రూటర్ కూడా వేయగలదు, యాక్సెస్ లిస్ట్ రాస్తే సరిపోతుంది. ఫైర్‌వాల్ పార్టీ వాదన: యాక్సెస్ లిస్ట్ అడ్రస్సు, పోర్టు మాత్రమే చూస్తుంది, ఏ సంభాషణలో భాగంగా ఆ ప్యాకెట్ వచ్చిందో గుర్తు పెట్టుకోదు. నెల్లూరు వాళ్లు అక్కడి నుంచే నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్తుంటే, ఏం వస్తోందో అక్కడే విప్పి చూసేవాడు ఉండాలి. పైగా ఫైర్‌వాల్‌కి కూడా టన్నెల్ వేయడం వచ్చు.

నేను ఫైర్‌వాల్ పార్టీ. కానీ షాప్ కథ చదివాక నా వాదన కొంచెం పదునెక్కింది. డబ్బా పేరు కన్నా టన్నెల్ ఎక్కడ ముగుస్తుందన్నది పెద్ద ప్రశ్న. ఎన్‌క్రిప్ట్ అయిన టన్నెల్ ఫైర్‌వాల్‌ని దాటుకుని వెళ్లి లోపలున్న రూటర్ దగ్గర ముగిస్తే, ఆ ఫైర్‌వాల్ పుస్తకం లేని టవర్‌తో సమానం. ఖరీదైన రూటర్‌లా నిలబడి ఉంటుంది, ఏమీ చదవలేదు. టన్నెల్ ఫైర్‌వాల్ మీదే ముగియాలి, లేదా బయట రూటర్ మీద ముగిసి విప్పిన ట్రాఫిక్ ఫైర్‌వాల్ గుండా రావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు లైన్లున్నప్పుడు అడిగింది ఒక దారిలో పోయి, జవాబు రెండో దారిలో వస్తే, రూటర్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఒక్కో దారిలో ఒక్కో ఫైర్‌వాల్ ఉంటే మాత్రం, ఆ జవాబు తనకి తెలియని సంభాషణలోదని రెండోది పారేస్తుంది. తనిఖీ చేసేవాడికి రెండు వైపులా కనపడాలి. లోతుగా చూసే కొద్దీ వేగం తగ్గడం సరేసరి.

చివరికి మేం రాసింది ఇది. నేరుగా ఇంటర్నెట్ వాడే చిన్న బ్రాంచీలకి ఫైర్‌వాల్ ఒక్కటే, టన్నెల్ కూడా దాని మీదే. విజయవాడలో ప్రొవైడర్ల లైన్లన్నీ దిగే చోట ముందు రూటర్లు, వాటి వెనక జంట ఫైర్‌వాల్, ఆ రెండూ సంభాషణల పట్టికని ఒకదానితో ఒకటి పంచుకునేలా. బ్రాంచి నుంచి బ్రాంచికి పోయేది కూడా విజయవాడ మీదుగా, తనిఖీ అయ్యాకే పోవాలి. రూటర్ పార్టీ వాళ్లు ఇప్పటికీ నాతో పూర్తిగా ఏకీభవించరు. అనంతపురం నుంచి నెల్లూరుకి పోయే ఫైలు విజయవాడ చుట్టి రావడం ఏంట్రా అంటారు. అందులో న్యాయం ఉంది. షాప్ నెట్‌వర్క్ కూడా సరిగ్గా అలాగే, అన్ని లైన్లూ ప్యారిస్ నుంచే బయల్దేరేవి. దక్షిణాన బోర్డో, అవిన్యోన్ పట్టణాల్ని ప్యారిస్‌తో పని లేకుండా అడ్డంగా కలిపే లైన్ 1834లో గానీ రాలేదు.

మళ్లీ 1793కి వెళ్దాం. ఉత్తర సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. గుర్రం మీద మనిషి లీల్ నుంచి ప్యారిస్ రావాలంటే దాదాపు ఒక రోజు. అందుకే మొదటి లైన్ అక్కడికే. ప్యారిస్‌లో లూవ్ర్ రాజభవనం కప్పు మీద ఒక పరికరం, మోంమార్ట్ర్ కొండ మీద చర్చి శిఖరానికి ఇంకొకటి, అలా పదిహేను స్టేషన్లు. చర్చి గోపురాలు వాడుకోవడానికి, అడ్డం వచ్చే చెట్లు కొట్టించడానికి ప్రభుత్వం అధికారం ఇచ్చింది. డబ్బు మాత్రం సరిగ్గా ఇవ్వలేదు. విప్లవం కాలపు కాగితం నోట్ల విలువ రోజు రోజుకీ పడిపోతోంది. కూలీలకి జీతాలు లేవు, సామాన్లు మోయడానికి బళ్లు లేవు. మధ్యలో ఊరివాళ్ల అనుమానాలు. ఇన్ని ఉన్నా సంవత్సరంలో లైన్ నిలబడింది.

1794 ఆగస్టు 15న ల కెనోయ్ అనే కోటని తిరిగి స్వాధీనం చేసుకున్న వార్త ఈ లైన్ మీద ప్యారిస్ చేరింది. నెలాఖరులో కోండే పట్టణం వార్త వచ్చింది. సభ అప్పటికి నడుస్తోంది. ఆ పట్టణానికి స్వేచ్ఛ పొందిన ఉత్తరం అనే అర్థంలో కొత్త పేరు పెట్టాలని సభ అక్కడికక్కడే తీర్మానించి లీల్‌కి టెలిగ్రాఫ్ చేసింది. సందేశం అందిందని జవాబు ఆ సభ ముగిసేలోపే తిరిగొచ్చింది. ప్రజా ప్రతినిధులు కూర్చున్న చోటి నుంచి రెండొందల కిలోమీటర్ల అవతలతో మాట్లాడి జవాబు పుచ్చుకున్నారు. రెండేళ్ల కిందట ఇదే యంత్రాన్ని ఇదే నగరంలో తగలబెట్టారు.

తర్వాత 1798లో స్ట్రాస్‌బర్గ్ వైపు, బ్రెస్ట్ వైపు లైన్లు వచ్చాయి. నెపోలియన్ అధికారంలోకి వచ్చాక కథ మారింది. యుద్ధానికి పనికొచ్చినంత వరకు టెలిగ్రాఫ్ అంటే ఆయనకి ఇష్టమే, ఖర్చంటే ఇష్టం లేదు. బడ్జెట్ కోశాడు. అప్పుడు షాప్ ఒక ప్రతిపాదన పెట్టాడు: వర్తకులకి, స్టాక్ మార్కెట్‌కి కూడా ఈ లైన్లు వాడుకోనిద్దాం, వచ్చిన డబ్బుతో నెట్‌వర్క్ నడుస్తుంది. నెపోలియన్ ఒప్పుకోలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకున్నాడు, ప్రభుత్వ లాటరీ ఫలితాలు పంపడం. ప్యారిస్‌లో తీసిన నంబర్లు పోస్టులో దూరపు ఊళ్లకి చేరేలోపు, వేగంగా కబురు తెప్పించుకుని గెలిచే నంబర్ మీద పందెం కాసే మోసగాళ్లు ఉండేవాళ్లు. టెలిగ్రాఫ్ వాళ్ల కన్నా ముందు పరిగెత్తింది. వర్తకులకి తలుపు మూసిన నిర్ణయం మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి కొట్టింది. అక్కడికి వస్తాను.

షాప్ జీవితంలో చివరి కొన్నేళ్లు చదవడానికి కష్టంగా ఉంటాయి. లైన్లు పెరిగే కొద్దీ పోటీదారులు కూడా పెరిగారు. ఇది మా ఆలోచన అని ఒకరు, అంతకన్నా మంచిది మా దగ్గరుంది అని ఇంకొకరు. వాళ్లలో ఒకప్పుడు తనకి సాయం చేసిన బ్రెగే కూడా ఉన్నాడు. స్పానిష్ ఇంజనీర్ బెతాంకూర్‌తో కలిసి వేరే టెలిగ్రాఫ్ తెచ్చి, షాప్‌ది అంత గొప్పదేం కాదని వాదించాడు. పైన ప్రభుత్వం డబ్బు బిగించింది. ఒంట్లో జబ్బు. ప్రయాణంలో ఉండగా అస్వస్థత వస్తే శత్రువులు తన తిండిలో విషం కలిపారని నమ్మాడు. వందల కిలోమీటర్ల పొడవునా తెలియని మనుషుల్ని నమ్మే వ్యవస్థ కట్టినవాడు తన చుట్టూ ఉన్నవాళ్లని నమ్మలేని స్థితికి వచ్చాడు. 1805 జనవరి 23న ప్యారిస్‌లో టెలిగ్రాఫ్ ప్రధాన కార్యాలయం ఆవరణలోనే ప్రాణం తీసుకున్నాడు. వయసు 41. అతను నమ్మిన విషప్రయోగం సంగతి ఎలా ఉన్నా, తన పేరు మీద ఇంకెవరో హక్కు చెప్పుకుంటున్నారనే బాధ మాత్రం కల్పితం కాదు.

నెట్‌వర్క్ మాత్రం ఆగలేదు. అన్న ఇగ్నాస్, తమ్ముడు పియేర్ బాధ్యత తీసుకున్నారు. లైన్ ఆల్ప్స్ దాటి 1810కి వెనిస్ దాకా చేరింది. చివరికి ఫ్రాన్స్‌లో ఐదు వందలకి పైగా టవర్లు, సుమారు ఐదు వేల కిలోమీటర్లు.

అతను పోయిన ముప్పై ఏళ్లకి అతని డిజైన్‌కి అసలైన పరీక్ష వచ్చింది. బోర్డో పట్టణంలో బ్లాంక్ అన్నదమ్ములని ఇద్దరు కవలలు, ఫ్రాన్స్వా, జోసెఫ్. అక్కడి మార్కెట్లో ప్రభుత్వ బాండ్ల ధర ప్యారిస్ ధరని బట్టి నడుస్తుంది, ఆ వార్త పోస్టు బండిలో రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ముందే తెలిస్తే డబ్బే డబ్బు. టెలిగ్రాఫ్ లైన్ కళ్లెదురుగా ఉంది, కానీ ప్రైవేటువాళ్లకి దాన్ని వాడుకునే వీలు లేదు. అందుకని 1834లో దారి మధ్యలో ఉన్న టూర్ పట్టణంలో ఒక టెలిగ్రాఫ్ ఉద్యోగికి లంచం ఇచ్చారు. ప్యారిస్‌లో ధర పెద్దగా మారిన రోజున వాళ్ల మనిషి టూర్‌కి పోస్టులో ఒక పార్సిల్ పంపుతాడు. పార్సిల్లో ఉన్న వస్తువుని బట్టి ధర పెరిగిందో పడిందో ఇతనికి అర్థమవుతుంది. వెంటనే ప్రభుత్వ సందేశం మధ్యలో ఒక తప్పుడు సంకేతం దూరుస్తాడు, ఆ వెంటనే తప్పు కొట్టేయండి అనే సంకేతం చూపిస్తాడు. మిగతా టవర్లు రెండింటినీ నమ్మకంగా దించుకుని ముందుకి పంపేస్తాయి. బోర్డోలో డైరెక్టర్ నిబంధన ప్రకారం ఆ తప్పుని కొట్టేస్తాడు, సందేశం శుభ్రం. కానీ ఆ తప్పు ఊళ్లోని టవర్ మీద కనపడిన ఆ క్షణంలో బ్లాంక్ మనిషి దాన్ని చూసి రాసుకుంటాడు.

టూర్‌నే ఎందుకు ఎంచుకున్నారు? ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. టూర్‌లో ఒక డైరెక్టర్ ఉన్నాడు. పుస్తకం ఉన్నవాడు. అక్కడికొచ్చిన సందేశాన్ని అతను విప్పి, తప్పులు తీసేసి, మళ్లీ సంకేతాల్లో పెట్టి పంపేవాడు. ప్యారిస్‌లోనే తప్పు దూరిస్తే టూర్‌లో వడపోతలో పోతుంది. కాబట్టి ఆ వడపోత దాటిన వెంటనే దూర్చారు. అక్కడి నుంచి బోర్డో దాకా అన్నీ మోసే టవర్లే, చదివే టవర్ లేదు. ఫైర్‌వాల్‌ని ఎవరూ బద్దలు కొట్టలేదు. దాని వెనక్కి వెళ్లి నిలబడ్డారు, అంతే. పైగా వాడింది సందేశాన్ని కూడా కాదు, లైన్ నడవడానికి షాప్ పెట్టిన ఆరు సంకేతాల్లాంటి వాటిని. తప్పు దిద్దే ఏర్పాటే దొంగదారి అయింది. బ్రాంచి నుంచి బ్రాంచికి పోయే ట్రాఫిక్ కూడా తనిఖీ అవ్వాలని నేను పట్టుబట్టింది ఇందుకే. లోపలివాళ్లే కదా అని వదిలేసిన దారిలోనే ఇది రెండేళ్లు నడిచింది.

1836లో ఆ టూర్ ఉద్యోగికి జబ్బు చేసి, తన బదులు ఇంకొకరిని ఈ పనిలో పెట్టబోతే గుట్టు బయటపడింది. 1837లో కేసు నడిచింది. ప్రభుత్వ టెలిగ్రాఫ్‌ని ప్రైవేటువాళ్లు వాడకూడదని చట్టం ఎక్కడా లేదు! కేసు ఖర్చులు కట్టించుకుని అన్నదమ్ముల్ని వదిలేశారు. అదే సంవత్సరం ప్రభుత్వం హడావుడిగా చట్టం చేసి, దూరానికి సంకేతాలు పంపే హక్కు మొత్తం తన దగ్గర పెట్టుకుంది. ఫ్రాన్స్వా బ్లాంక్ ఆ తర్వాత జర్మనీలో జూదశాల పెట్టి, చివరికి మోంటే కార్లో కేసినో నడిపి కోటీశ్వరుడయ్యాడు. వర్తకులకి కూడా లైన్ తెరుద్దామన్న షాప్ మాట నెపోలియన్ విని ఉంటే ఈ ముచ్చట అసలు జరిగేదే కాదేమో.

కరెంటు తీగల టెలిగ్రాఫ్ వచ్చాక కర్రల చేతులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి, 1855 నాటికి ఫ్రాన్స్‌లో అన్నీ మూతపడ్డాయి. రాత్రి పనిచేయదు, పొగమంచులో పనిచేయదు అన్న రెండు లోపాలూ చివరిదాకా అలాగే ఉన్నాయి. 1893లో ప్యారిస్‌లో షాప్‌కి కంచు విగ్రహం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలంలో లోహం కోసం దాన్ని కరిగించేశారు. పేర్ లాషేజ్ శ్మశానంలో సమాధి మాత్రం ఉంది, దాని మీద రాళ్ల గుట్ట, గుట్ట మీద చిన్న టెలిగ్రాఫ్ నమూనా.